వెరిఫికేషన్‌కు వచ్చిన మనిషి

గురుకులం, మెదక్
9 ఫిబ్రవరి 2025

బాపుకు, అమ్మకు రవళి నమస్కారాలు.

నిలబడి చదవకు బాపూ, ముందు కూర్చో. నాకు సీటు వచ్చింది!

ఫోనులో చెబుదామని పొద్దున గంటసేపు లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి నీ ఫోను బిజీ. నా వెనక ముప్పై మంది ఉన్నారు, రెండోసారి కొట్టనివ్వరు. వచ్చే ఆదివారం దాకా ఆగితే నా కడుపు పగిలిపోతుంది, అందుకే ఈ ఉత్తరం.

మంజూష మేడం నన్ను తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఇంటర్వ్యూ ఇప్పించిందని చెప్పాను కదా, బెంగళూరు దగ్గరి యూనివర్సిటీ, అదే. ఎకనామిక్స్‌లో నాలుగేళ్ళ డిగ్రీ. మా కాలేజీ నుంచి నేను ఒక్కదాన్నే. మేడం అసెంబ్లీలో పేరు చదివితే మా రూము పిల్లలు ప్లేట్లు కొట్టి గోల గోల చేశారు.

ఇక అసలు సంగతి. ఫీజు, హాస్టలు, తిండి అన్నీ కలిపి ఏడాదికి ఏడు లక్షలు. భయపడకు, అందులో నాలుగున్నర వాళ్ళే మాఫీ చేశారు. మిగిలిన రెండున్నర మనం కట్టాలి. మనవల్ల కాదని నాకు తెలుసు. మేడంకూ తెలుసు. "ఇంతే ఇస్తమన్నరు గదా అని ఊకోవద్దు రవళీ, ఇంకా కావాలని అప్పీలు పెట్టొచ్చు. చానామందికి పెంచుతరు" అన్నది. మన ఇంటి పరిస్థితి వివరంగా రాసి, కాగితాలు జతచేసి, మరికొంత సాయం చేయమని అడగాలి. సీటు ఖాయం చేసుకోవడానికి ఏప్రిల్ 30 దాకా గడువు.

నాకు కొత్త ఆదాయం సర్టిఫికెట్ కావాలి బాపూ. దానితో పాటు షాపు లెక్కల పుస్తకం. కోచింగ్‌లన్నీ ఆన్‌లైన్ అయ్యాక మెటీరియల్ జిరాక్స్ కొట్టించుకునేవాళ్ళు తగ్గారని నువ్వే ఒకసారి అన్నావు. ఎంత తగ్గారో కాగితం మీద చూపిస్తే చాలు, మిగతాది నేను రాసుకుంటాను.

అమ్మను మంగళవారం ఎల్లమ్మ గుడిలో నా పేరు మీద కొబ్బరికాయ కొట్టమను.

నీ రవళి


అమీర్‌పేట
15 ఫిబ్రవరి

మా ఇంటి కలెక్టరమ్మకు,

నీ ఉత్తరం షాపులోనే చదివాను. నిలబడే చదివాను, కూర్చుంటే ఆగేలా లేను. ఒకసారి నాకు చదువుకున్నాను, ఒకసారి మిషన్ దగ్గరున్న తబ్రేజ్‌కు వినిపించాను. అప్పుడు ఆధార్ కార్డు జిరాక్స్‌కు వచ్చిన ఒక పెద్దమనిషికి కూడా వినిపించాను. ఆయన పాపం రెండు రూపాయల పని మీద వచ్చి అరగంట ఇరుక్కున్నాడు. తబ్రేజ్ అందరికీ చాయ్ చెప్పాడు, పైసలు నన్ను ఇవ్వనీయలేదు. "రవళి మా ఇంటి పిల్ల సుత కదా అన్నా" అన్నాడు. మీ అమ్మ వింటూనే ఏడ్చి, కళ్ళు తుడుచుకొని మళ్ళీ చీరకు ఫాల్ కుట్టుకుంటూ కూర్చుంది. ఆమె సంతోషం అట్లాగే ఉంటుంది.

ఇప్పుడు ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. నాలుగున్నర లక్షలు ఇచ్చినవాళ్ళ దగ్గరికి పోయి మాకేం లేదు, ఇంకా ఇయ్యండి అంటే మనల్ని ఏమనుకుంటారు? 2011లో పెద్ద మిషన్ కోసం బ్యాంకు లోను అడిగినప్పుడు ఏమైందో నీకు తెలియదు, నువ్వు చిన్నదానివి. ఆఫీసరు చూడడానికి వచ్చాడు. నేను ఉన్నది ఉన్నట్టు చూపించాను. చిన్న డబ్బా, ఒక పాత మిషన్. మూడో రోజుకు లోను లేదన్నారు. మళ్ళీ పెట్టుకున్నాను. ఈసారి దోస్తులను పది మందిని కస్టమర్లలా నిలబెట్టాను, పక్క షాపు కాగితం కట్టలన్నీ తెచ్చి నా డబ్బాలో పేర్చాను. వారంలో చెక్కు చేతికొచ్చింది. ఆ రోజు నుంచి నాకు ఒక్కటే అర్థమైంది, చేతిలో లేనివాణ్ణి నమ్మి ఎవరూ రూపాయి ఇవ్వరు.

అందుకని నీ అప్పీలులో మరీ ఏడుపుగొట్టు మాటలు రాయకు. ఆదాయం సర్టిఫికెట్ ఇంట్లో ఉన్నదే పంపుతున్నాను. లెక్కల పుస్తకం వెతకాలి, అల్మారా వెనక పడ్డట్టుంది. షాపు బ్రహ్మాండంగా నడుస్తోంది, ఆ ఫికర్ నీకు వద్దు.

నీ బాపు


గురుకులం, మెదక్
23 ఫిబ్రవరి

బాపూ,

నువ్వు పంపిన సర్టిఫికెట్ మూడేళ్ళ కిందటిది. అది చెల్లదు. నీ మీద నిజంగానే కోపం వచ్చింది, కానీ పెద్దమనిషిని అరగంట నిలబెట్టిన సంగతి చదివి నవ్వు కూడా వచ్చింది. మా రూములో అందరికీ చదివి వినిపించాను.

ఇది బ్యాంకు లోను కాదు బాపూ. తిరిగి కట్టేది కాదు. చదువుకునే పిల్ల దగ్గర డబ్బు లేదని వాళ్ళకు నమ్మకం కుదిరితేనే ఇస్తారు. అడుక్కోవడం అనుకోకు. మా మేడం "వాళ్ళు అడగమన్నరు, మనం అడుగుతున్నం, ఇండ్ల సిగ్గేంది?" అంటుంది.

పాత సర్టిఫికెట్ పక్కన పెట్టి, నాకు తెలిసింది రాసి అప్పీలు పంపేశాను. సొంత జిరాక్స్ షాపు, పడిపోయిన గిరాకీ, రేకుల గది, అమ్మ కుట్టే ఫాల్స్, అన్నీ రాశాను. వాళ్ళ మనిషి వనిత అనే మేడం మార్చి 8 శనివారం మన ఇంటికి, షాపుకు వెరిఫికేషన్‌కు వస్తుంది. ఆమె చూసిందే అక్కడ రాస్తుంది. నువ్వేం చేయనక్కరలేదు. మన గదిలోనే కూర్చోబెట్టు, వానకు కారే మూల చూపించు. ఉన్నది ఉన్నట్టు చూపించు బాపూ, అంతే.

మార్చి 5 నుంచి పరీక్షలు. అవి అయ్యేదాకా ఫోను లైను కూడా బంద్. లెక్కల పుస్తకం ఆమెకే ఇచ్చెయ్యి.

రవళి


బల్కంపేట
9 మార్చి, ఆదివారం

బంగారు తల్లికి,

ఈ ఉత్తరం చదివి హాయిగా పరీక్షలు రాసుకో. వనిత మేడం నిన్న వచ్చి వెళ్ళింది. పని అయిపోయినట్టే అనుకో.

మొదటి నుంచి చెబుతాను విను. నువ్వు రేకుల గదిలో కూర్చోబెట్టమన్నావు. పట్టపగలు పన్నెండింటికి మన గది ఎలా ఉంటుందో నీకు తెలియదా? వచ్చిన మనిషి చెమటలు తుడుచుకుంటూ ఎప్పుడు బయటపడదామా అని చూస్తుందే గాని నీ గురించి ఏం రాస్తుంది? పైగా ఆడమనిషి, మొదటిసారి మన గడప తొక్కుతోంది. అందుకని కింద సీతాబాయి అక్కను అడిగాను. ఇంటి ఓనరే అయినా నిన్ను చంకనెత్తుకొని తిరిగిన మనిషి. "గదేం మాట విజయేందర్, పిల్ల చదువు కంటె ఎక్కువనా? నేను మా చెల్లె ఇంటికి పోత, పొద్దుమీకేదాక ఇల్లంత నీదే అనుకో" అని తాళాలు చేతిలో పెట్టింది.

పొద్దున ఆరింటి నుంచి నేను, మీ అమ్మ ఆ ఇల్లు కడిగాం. సోఫాకు కొత్త కవర్లు తొడిగాం. గోడకు ఉన్న అక్క భర్త ఫోటో తీసి లోపల బీరువాలో భద్రంగా పెట్టి, అక్కడ నీకు ఏడో తరగతిలో బహుమతి ఇచ్చినప్పటి ఫోటో తగిలించాను. మీ అమ్మ చీపురు పట్టుకొని గొణుగుతూనే ఉంది. "పిల్ల ఉన్నదున్నట్టు చూపియ్యమన్నది. నువ్వేమో పెండ్లిచూపులకు చేసినట్టు చేస్తున్నవ్" అంటుంది. "పెండ్లిచూపులే గదనే సుకన్యా, పిల్లను కాలేజీకి ఇస్తున్నం, గంతే ఫరక్" అన్నాను. నవ్వలేదు.

మేడం పన్నెండున్నరకు ఆటో దిగింది. నీకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది, అంతే. ఏసీ వేసి కూర్చోబెట్టాం. బాదం పాలు, జీడిపప్పు, తబ్రేజ్ భార్య అఫ్షీన్ పొద్దున్నే చేసి పంపిన డబల్ కా మీఠా పెట్టాం. వద్దు వద్దంటూనే రెండుసార్లు వేయించుకుంది. "ఇల్లు సొంతమేనాండీ?" అని అడిగింది. నేను అబద్ధం చెప్పలేదు బిడ్డా. "ఇరవై ఏండ్ల సంది ఇండ్లనే ఉంటున్నం మేడం" అన్నాను. అది నిజమే కదా. ఎండాకాలం కరెంటు బిల్లు ఎంత వస్తుందని అడిగింది. సీతాబాయి అక్కకు ఎంత వస్తుందో నాకేం తెలుసు? నోటికొచ్చింది చెప్పాను. మీ అమ్మ మాత్రం తలుపు దగ్గర నిలబడి, కూర్చోమన్నా కూర్చోలేదు. మన ఇల్లు కానట్టే నిలబడింది. నేను కళ్ళెర్ర చేస్తే అప్పుడు సోఫా చివర కూర్చుంది.

అక్కణ్ణుంచి క్యాబ్‌లో షాపుకు. తబ్రేజ్ ఏం చేశాడనుకున్నావు? మిషన్లన్నీ నడిపిస్తూ పెట్టాడు, పక్క హాస్టలు పిల్లలను పిలిచి లైన్లో నిలబెట్టాడు. నన్ను చూడగానే లేచి, "సేట్ వచ్చిన్రు, జరగున్రి" అని కుర్చీ తుడిచాడు. నవ్వాపుకోలేక చచ్చాను. మేడం బోర్డు ఫోటో తీసుకుంది, గోడకున్న లైసెన్సు ఫోటో తీసుకుంది. "మీ అమ్మాయి ఖర్చుకు మీరేమైనా సర్దగలరా సార్?" అంది. ఇదే కదా అసలు ప్రశ్న. "నా బిడ్డ కోసం ఏమైన చేస్త మేడం. చేతగానోన్నైతే అంత పెద్ద కాలేజీకి అప్లై చేయిస్తనా?" అన్నాను. ఆమె చేతిలోని ట్యాబులో చూపించిన చోట వేలితో సంతకం పెట్టాను.

పోయేటప్పుడు ఏమన్నదో తెలుసా? "ఇంత సపోర్టు చేసే ఇంట్లో పుట్టింది, రవళి చాలా అదృష్టవంతురాలండీ" అన్నది. ఆ మాట చెవిలో ఇంకా మోగుతోంది. నువ్వు అప్పీలులో ఏడుపులన్నీ రాశావని భయపడ్డాను గాని, అంతా సర్దేశాను.

మీ అమ్మ రాత్రి అన్నం తినలేదు. పొద్దంతా పని చేసి అలిసిపోయింది.

నీ బాపు


గురుకులం, మెదక్
30 మార్చి

బాపూ,

పరీక్షలు అయిపోయాయి. బాగా రాశాను. ఈ ఉత్తరంలో మంచి మాట అదొక్కటే.

నిన్న మంజూష మేడం నన్ను స్టాఫ్ రూముకు పిలిచి తలుపు దగ్గరికి వేసింది. యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది. అప్పీలు కొట్టేశారు. అక్కడితో ఆగలేదు. ముందు ఇస్తామన్న నాలుగున్నర లక్షలను రెండుకు తగ్గించారు. మా మనిషి ఇంటిని, వ్యాపారాన్ని స్వయంగా చూసింది, మీరు రాసినదాని కంటే మీ పరిస్థితి చాలా మెరుగ్గా ఉంది అని రాశారు. ఇప్పుడు ఏడాదికి ఐదు లక్షలు కట్టాలి.

మేడం నన్ను ఎలా చూసిందో తెలుసా? "మీకు సొంత ఇల్లు, ఏసీ అన్నీ ఉన్నయా రవళీ? నాకెందుకు చెప్పలే?" అన్నది. రెండేళ్ళుగా నాకు బూట్లు కొనిపెట్టిన మనిషి ఆమె. వెక్కి వెక్కి ఏడ్చాను.

నీ ఉత్తరం పరీక్షల మధ్యలోనే అందింది. ఏం చేయను? ఫోను లేదు, తెల్లారితే పరీక్ష. ఉత్తరాన్ని పుస్తకంలో పెట్టి ఆ పుస్తకం మళ్ళీ తెరవలేదు.

ఆమె మన దగ్గర ఏం లేదో చూడడానికి వచ్చింది బాపూ. నువ్వు ఆమెకు లేమి కనిపించే ఒక్క మూల కూడా మిగల్చలేదు. ఎందుకు ఇట్లా చేశావు? నేను అంత వివరంగా రాశాను కదా. నా మాట నీకు అంత చిన్నపిల్ల మాట అయిపోయిందా?

ఇంకొక్క అవకాశం ఉందట. ఆ ఇల్లు మాది కాదు, కిరాయికి పైన గదిలో ఉంటున్నాం అని నువ్వు సంతకం పెట్టి రాసివ్వాలి. ఇల్లు అబద్ధమైనా షాపు నిజమే కదా. షాపు లెక్కలు చూస్తే ఆదాయం ఎంతో వాళ్ళకే తెలుస్తుంది. ఆ లెక్కల పుస్తకం ఫిబ్రవరి నుంచి అడుగుతున్నాను. దాన్ని పంపడానికి నీకేం అడ్డం వస్తోంది? ఇంక నెల రోజులే ఉంది.

రవళి


అమీర్‌పేట
4 ఏప్రిల్

రవళికి,

ఉత్తరం అందింది. తండ్రికి బాగానే పాఠం చెప్పావు. నేను ఆ రోజు ఎవరి కోసం చేశాను? నా పెండ్లి కోసం చేశానా? వచ్చిన మనిషిని గౌరవంగా చూసుకోవడం కూడా తప్పేనని ఈ వయసులో నా బిడ్డ చేత చెప్పించుకున్నాను. ఆ కాలేజీ వాళ్ళకు మనుషులంటే మర్యాద తెలియదు. అట్లాంటి చోట నువ్వు చదవకపోతే వచ్చే నష్టమేమీ లేదు. లెక్కల పుస్తకం లేదు. మళ్ళీ అడగకు.

విజయేందర్


బల్కంపేట
7 ఏప్రిల్

బిడ్డా,

మొన్న రాసిన ఉత్తరం చింపెయ్. అది నేను రాసింది కాదనుకో. నిన్న నువ్వు చేసిన ఫోను కూడా ఎత్తలేదు. మోగినంతసేపూ దాన్ని చూస్తూ కూర్చున్నాను. మీ అమ్మ కుట్టు ఆపి, "ఇగ నువ్వు రాస్తవా, నేను ఎవలతోనన్న రాయించాల్నా?" అన్నది. ఆమె నాతో ఇన్నేళ్ళలో ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు.

లెక్కల పుస్తకం ఎందుకు పంపలేదంటే, షాపు మనది కాదు. 2023 దసరాకు వారం ముందు తబ్రేజ్‌కు అమ్మేశాను. షాపు ఉన్న సెల్లారుకు ఎనిమిది నెలల కిరాయి బాకీ పడింది, మిషన్ లోను కిస్తీలు ఆగిపోయాయి. కోచింగ్ పిల్లలు ఫోనులోనే పాఠాలు చదువుతున్నారు, వాళ్ళకు నా కాగితం ఎందుకు? తబ్రేజ్‌కు ఈ పని నేర్పింది నేనే. అఫ్షీన్ నగలు కుదువబెట్టి మిషన్లు కొన్నాడు, నా బాకీ తీర్చాడు. ఇప్పుడు పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు పెట్టి నడిపిస్తున్నాడు. నేను అక్కడే పని చేస్తున్నాను. నెలకు పద్నాలుగు వేలు. ఒకటో తారీఖున కవరులో పెట్టి, షాపులో ఎవరూ లేనప్పుడు ఇస్తాడు.

నువ్వు సెలవులకు వచ్చి షాపుకు వస్తానంటే ముందే అతనికి చెప్పేవాణ్ణి. నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి, అతను మిషన్ దగ్గర నిలబడేవాడు. అతనే బోర్డు మీద నా పేరు తీయనీయలేదు. "ఉండనీ అన్నా, గిరాకీ నీ పేరు మీదనే వస్తది" అన్నాడు. లైసెన్సు కూడా నా పేరు మీదే ఉంది.

నీకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. నువ్వు గురుకులంలో చేరిన కొత్తలో, మా బాపు ఓనర్ అని క్లాసులో చెప్పానని అమ్మతో అన్నావు. నేను తలుపు అవతల ఉండి విన్నాను. ఆ తర్వాత నోరు రాలేదు. సిగ్గయింది బిడ్డా. అంతకంటే పెద్ద కారణం ఏం లేదు.

ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ఎవరి ముందు చెప్పమంటే వాళ్ళ ముందు చెబుతాను.

బాపు


గురుకులం, మెదక్
13 ఏప్రిల్

బాపుకు,

షాపు గురించి ఇప్పుడు ఏమీ రాయను. రాస్తే ఏం రాస్తానో నాకే భయంగా ఉంది.

మంజూష మేడంకు అంతా చెప్పాను. ఆమె వాళ్ళతో మాట్లాడింది. బంజారాహిల్స్‌లో వాళ్ళ సిటీ ఆఫీసు ఉంది, ఏప్రిల్ 21 సోమవారం పదకొండు గంటలకు రమ్మన్నారు. నువ్వు జరిగిందంతా నీ చేత్తో రాసి తీసుకెళ్ళు. తబ్రేజ్ అన్న, నువ్వు అమ్మకం కాగితం ఏదైనా రాసుకున్నారా? ఉంటే అది కూడా. కొత్త ఆదాయం సర్టిఫికెట్‌కు రేపే మీసేవలో పెట్టు.

పండుగలకు వేసుకునే ఆ తెల్ల చొక్కా వేసుకోకు. రోజూ షాపుకు వేసుకునేదే వేసుకో. నా బాపుకు ఇట్లాంటి మాట రాయాల్సి వస్తుందని నేను అనుకోలేదు.

రవళి


బల్కంపేట
22 ఏప్రిల్

తల్లీ,

నిన్న పోయి వచ్చాను. రాత్రే రాద్దామని కూర్చొని రెండు కాగితాలు చింపేశాను.

తబ్రేజ్ షాపు మూసేసి వచ్చాడు. అతని స్కూటరు మీద పోయాం. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "అన్నా, జర హిమ్మత్ పెట్టుకో" అన్నాడు. నేను సరేనన్నాను. నువ్వు చెప్పినట్టే పాత నీలం చొక్కా వేసుకున్నాను, జేబు దగ్గర సిరా మరక ఉన్నది.

వనిత మేడం నన్ను చూసి లేచి నిలబడింది, "రండి సార్" అంది. ఆమె పక్కన రాఘవయ్య గారని పెద్ద ఆఫీసరు. నా ఉత్తరం ఇచ్చాను. మేడం ఒకసారి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. "ఏంటి సార్ ఇది? ఆ ఇంట్లో నేను గంటసేపు కూర్చున్నానండీ. మీ భార్య నాకు బొట్టు పెట్టి పంపించారు" అంది. నేను తల దించుకున్నాను.

రాఘవయ్య గారు తిట్టలేదు. తిడితే బాగుండేది. నెమ్మదిగా అడిగాడు. "మార్చిలో చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా విజయేందర్ గారూ? రెండింటి మీదా మీ సంతకమే ఉంది." తబ్రేజ్ మధ్యలో లేచి, "ఖుదా కసం సార్, షాపు నాది. అన్న నా దగ్గర పని చేస్తుండు" అన్నాడు. మేడం తన ట్యాబులో లైసెన్సు ఫోటో తీసి చూపించింది. నా పేరు. బోర్డు ఫోటో చూపించింది. నా పేరు. "ఆ రోజు సేట్ అని పిలిచింది మీరే కదండీ" అని అతన్నే అడిగింది. తబ్రేజ్ ఏం చెబుతాడు? "అన్న ఇజ్జత్ కోసం అట్ల అన్న సార్" అన్నాడు. అమ్మకం కాగితం ఏదన్నారు. మా మధ్య కాగితం లేదు బిడ్డా. అతను పైసలిచ్చాడు, నేను తాళాలిచ్చాను. మాకు కాగితం అక్కరపడలేదు.

కొత్త ఆదాయం సర్టిఫికెట్ చూపించాను. అందులో నెలకు పద్నాలుగు వేల లెక్కన ఏడాది ఆదాయం రాసి ఉంది. రాఘవయ్య గారు తేదీ చూశాడు. ఏప్రిల్ పదిహేడు. "సాయం తగ్గించిన తర్వాత తీసుకున్నారు. ఇట్లాంటివి రోజూ చూస్తామండీ. తగ్గించామని తెలియగానే షాపులు అమ్మేసినట్టు, ఇళ్ళు ఖాళీ చేసినట్టు వస్తారు. నిజంగా లేని పిల్లలకు అన్యాయం అవుతుంది" అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకేం దొరకలేదు.

అప్పుడు నేను చేతులు జోడించాను. "ఇప్పుడే రాన్రి మేడం, నా గది చూపిస్త. రేకుల గది. ఇప్పుడే పోదాం" అన్నాను. వనిత మేడం ట్యాబు మూసి పక్కన పెట్టింది. "గది ఎవరిదైనా చూపించవచ్చు కదండీ" అంది. కోపంతో అనలేదు. భయంతో అన్నది. నా వల్ల ఆమె తన పై అధికారి ముందు అట్లా నిలబడింది. ఇంకోసారి మోసపోతే ఆమె ఉద్యోగం ఏమవుతుందో. ఆ మాట ఆమెకు నేర్పింది నేనే.

ఐదు లక్షలు కడితే సీటు ఉంటుందన్నారు. తబ్రేజ్ లక్ష సర్దుతానన్నాడు. సీతాబాయి అక్క మొత్తం విని, నా వల్ల పోయిందా సీటు అని మెట్ల మీద కూర్చొని ఏడ్చింది. తెలిసినవాళ్ళందరినీ అడుగుతున్నాను. అందరూ, నీకేంది అన్నా, షాపున్నది కదా అంటున్నారు.

నన్ను తిట్టు బిడ్డా. ఏమీ అనకుండా ఉండకు.

బాపు


గురుకులం, మెదక్
4 మే

బాపూ,

గడువు దాటింది. తబ్రేజ్ అన్నకు లక్ష వద్దని చెప్పు. ఇంకా నాలుగు లక్షలు లేవు, పైగా ఇది ఒక్క ఏడాది కాదు, నాలుగేళ్ళు. సీటు వద్దని నాతోనే మెయిల్ పంపించింది మేడం. రెండు వాక్యాలు. రాసి పంపడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత ఆమె నన్ను క్యాంటీన్‌కు తీసుకెళ్ళి ఇడ్లీ పెట్టించింది, నేను తినలేకపోయాను. నా సీటు ఇప్పటికి ఎవరికో ఇచ్చేసి ఉంటారు. ఆ అమ్మాయి ఎవరో, వాళ్ళ నాన్న ఏం చేస్తాడో అని రోజూ ఆలోచన వస్తోంది.

డిగ్రీకి మన దగ్గరే ఏదైనా సర్కారు కాలేజీలో పెట్టుకుంటాను. పెట్టుకోక చేసేదేముంది.

తిట్టమన్నావు. సీటు పోయినందుకు తిట్టాలంటే తిట్టగలను బాపూ. కానీ రాత్రిళ్ళు నాకు నిద్రపట్టనిది దాని గురించి కాదు. పోయిన ఎండాకాలం సెలవుల్లో షాపుకు వచ్చాను గుర్తుందా? నువ్వు కుర్చీలో కూర్చున్నావు. తబ్రేజ్ అన్న చాయ్ తేవడం ఆలస్యమైతే, "ఇంతసేపా, ఎక్కడ పోయినవ్?" అని నా ముందే అరిచావు. అది ఆయన షాపు. ఆయన నవ్వుతూ చాయ్ తెచ్చి మొదట నాకే ఇచ్చాడు. అమ్మకు తెలుసు, ఆయనకు తెలుసు, అఫ్షీన్ వదినకు తెలుసు. ఆ షాపులో ఏమీ తెలియకుండా కూర్చుంది నేను ఒక్కదాన్నే. ఆ రోజు నువ్వు ఇచ్చిన రెండు వందలు తీసుకొని నేను ఐస్‌క్రీం తిన్నాను.

వనిత మేడం ముందు ఒక్క గంట చేశావు. నా ముందు ఏడాదిన్నర చేశావు. నేను నీ బిడ్డను బాపూ. నేను కూడా వెరిఫికేషన్‌కు వచ్చిన మనిషినేనా నీకు?

పదో తారీఖు శనివారం హాస్టలు ఖాళీ చేయాలి. మధ్యాహ్నం రెండింటికి జూబ్లీ బస్టాండులో దిగుతాను. ట్రంకు పెట్టె ఉంది, రెండు సంచుల పుస్తకాలున్నాయి. నువ్వు వస్తావా?

రవళి


అమీర్‌పేట
7 మే

రవళీ,

నీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకొని తిరిగాను. నువ్వు అడిగినదానికి లేదు అని రాద్దామని చాలాసార్లు కలం పట్టాను. రాయలేకపోయాను.

అవును బిడ్డా. నువ్వే. బ్యాంకు వాడు లోను లేదన్నా బతికాను. షాపు పోయినా బతికాను. నువ్వు నన్ను చూసి, మా బాపు ఇంతేనా అనుకుంటే ఆ తర్వాత ఎట్లా బతకాలో నాకు తెలియలేదు. అందుకే నీ ముందు అందరికంటే ఎక్కువ నటించాను. తబ్రేజ్ మీద అరిచిన రోజు, నువ్వు వెళ్ళిపోయాక అతని చేతులు పట్టుకున్నాను. "ఛోడో అన్నా" అన్నాడు. నీ చదువు నేను చేతులారా పోగొట్టాను. ఇంకెవరి మీదా నెట్టేది లేదు.

శనివారం మీ అమ్మ వస్తుంది బస్టాండుకు. పెట్టె దించుకోవడానికి కూలీని పెట్టుకోండి, బరువు ఎత్తకు. నేను రాలేను. ఆ రోజు పెద్ద పెండ్లి కార్డుల ఆర్డరు ఉంది, సాయంత్రానికి ఇయ్యాలి. సగం రోజు లీవు తబ్రేజ్‌ను అడిగాను, ఆర్డరు ఆగిపోతుందన్నాడు, దొరకలేదు.

బాపు